డయల్ ఫోను పొట్ట ఖాళీ చేయకండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

రెండు వారాల క్రితం మీ ఆదివారం పుటల్లో పాత డయల్ ఫోన్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ముందు గదిలో నల్లటి బేకలైట్ ఫోను ఉంటే ఇంటికి వచ్చే నిండుదనం గురించి చక్కగా రాశారు. ఫొటోలు కూడా బాగున్నాయి. అయితే చివర గడి కట్టి ఇచ్చిన సలహా ఒకటి నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. మాట సరిగా వినబడని పాత ఫోను ఇక బాగుపడదనీ, లోపలి సామాను తీయించి చిన్న స్పీకరు పెట్టించుకుంటే పాటలైనా వినవచ్చనీ అందులో ఉంది. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చేతులతో తెలిసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పొడుగైనా దయచేసి అచ్చు వేయండి.

నేను 1976లో టెలిఫోన్ శాఖలో చేరాను. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడినప్పుడు అందులోకి మారి, 2012లో రిటైరయ్యాను. ఆ సర్వీసులో పదకొండేళ్ళు ఫోన్లు విప్పి బాగుచేసే గదిలోనే గడిచాయి. మేము వాటిని ఫోన్లు అనేవాళ్ళం కాదు, ఇన్‌స్ట్రుమెంట్లు అనేవాళ్ళం. జంటనగరాల ఇళ్ళ నుంచి, ఆఫీసుల నుంచి వచ్చినవి గోడ పొడుగునా బల్ల మీద వరసగా ఉండేవి. ఒక్కొక్కదానికి దారంతో కట్టిన చీటీ. చీటీల మీద ఎక్కువగా కనబడే ఫిర్యాదులు మూడే. వినబడడం లేదు. అవతలివాళ్ళకు వినబడడం లేదు. గరగర. వాటిలో నూటికి తొంభై అదే రోజు సాయంత్రానికి మాట్లాడుతూ తిరిగి వెళ్ళేవని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలను.

మా పద్మారావునగర్‌లో పక్క వాటాలో ఎనభై ఏళ్ళు దాటిన పెద్దావిడ ఉన్నారు. మహబూబ్‌నగర్‌లో ఉండే చెల్లెలు ఆవిడకు రోజూ సాయంత్రం ఆరింటికి ఫోను చేస్తారు. సెల్ ఫోను అద్దం మీద ఆవిడ వేలు నిలవదు. చెవికి ఆనించుకుంటే బుగ్గ తగిలి కాల్ కట్టయిపోతుంది. అందుకని మనవడు అటక మీది నల్ల డయల్ ఫోను దింపి, ఇంటర్నెట్టు కోసం పెట్టించుకున్న ఫైబర్ పెట్టె వెనక ఉన్న ఫోను సాకెట్టుకు తగిలించాడు. మోత మోగింది. పెద్దావిడ ముఖం వెలిగిపోయింది. కానీ చెల్లెలు మాత్రం, "అక్కా, నీ గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. మధ్యలో పోపు చిటపటలాడినట్టు ఏమిటా చప్పుడు?" అన్నారట.

మనవడు దాన్ని ఒక దుకాణానికి తీసుకువెళ్ళాడు. వాళ్ళు విప్పకుండానే, "కార్బన్ అయిపోయింది, లోపలిదంతా మార్చాలి, 1,800 అవుతుంది" అన్నారు. ఆ కుర్రవాడు నయం, వెంటనే సరే అనలేదు. ఫోను సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "తాతగారూ, మీరు ఒకసారి చూస్తారా?" అన్నాడు. పద్నాలుగేళ్ళ తర్వాత నా చేతుల్లోకి ఒక ఇన్‌స్ట్రుమెంటు వచ్చింది.

కార్బన్ అయిపోవడం అనే మాటే సరికాదు. హ్యాండ్‌సెట్టులో నోటి దగ్గరి డబ్బీని ట్రాన్స్‌మిటర్ అంటాం. అందులో బొంబాయి రవ్వ కన్నా సన్నటి బొగ్గు రవ్వలు, వాటి మీద పలుచని రేకు ఉంటాయి. మనం మాట్లాడితే రేకు అదిరి రవ్వల్ని నొక్కుతుంది. నొక్కినప్పుడు రవ్వలు దగ్గరై కరెంటు ఎక్కువ పారుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. గొంతు ఎలా ఎగిసిపడితే తీగలో కరెంటూ అలా ఎగిసిపడుతుంది. 1877లో ఎడిసన్ బొగ్గు బిళ్ళతో దీన్ని సాధించాడు. మరుసటి ఏడాది ఇంగ్లండులో హన్నింగ్స్ అనే చర్చి గురువు బిళ్ళకు బదులు బొగ్గు రవ్వలు వాడాడు. ఆ తర్వాత వందేళ్ళ పాటు లోకమంతా ఆ రవ్వల మీదుగానే మాట్లాడుకుంది. మన దేశంలో 1948లో బెంగళూరులో పెట్టిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ నుంచి వచ్చిన డయల్ ఫోన్లలోనూ అవే. ఆ రవ్వలు నూనెలా ఖర్చయ్యేవి కావు. చాలా కాలం కదలకుండా పడి ఉంటే, నోటి తేమ తగిలితే, ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కడతాయి. అప్పుడు రేకు అదిరినా రవ్వలు కదలవు, కరెంటు ఎగిసిపడదు. నూతిలోంచి వచ్చినట్టుండే గొంతు అదే.

మొదటి పరీక్షకు పనిముట్టు అక్కరలేదు. హ్యాండ్‌సెట్టు చెవికి పెట్టుకుని డయల్ టోను వినండి. తర్వాత నోటి దగ్గర మెల్లగా ఊదండి. మీ ఊపిరి మీ చెవిలోనే వినబడాలి. టోను ఉండి ఊపిరి వినబడకపోతే లోపం ట్రాన్స్‌మిటర్‌లోనో, దాన్ని తాకే రేకుల్లోనో ఉంది. టోనే లేకపోతే చెవి వైపు డబ్బీ అంటే రిసీవరు, హ్యాండ్‌సెట్టును ఫోనుకు కలిపే తీగ అంటే కార్డు, హ్యాండ్‌సెట్టు ఆనించే క్రెడిల్ కింది స్ప్రింగులు చూడాలి. ఇంత చిన్న సంగతి తెలియక ఎన్ని ఫోన్లు పాత సామానువాడి బండి ఎక్కాయో.

పెద్దావిడ ఫోనులో ఊపిరి వినబడింది, కానీ దుప్పటి కప్పినట్టు. నోటి వైపు మూత తీయాలి. అది బేకలైటు, సీసా మూతలా మరచుట్టుతో బిగించి ఉంటుంది, ఏళ్ళ తరబడి తీయకపోతే పట్టేస్తుంది. పట్టకారు పెట్టి తిప్పితే అంచు పెళుసుగా విరిగిపోతుంది. నేను సైకిలు ట్యూబు ముక్క చుట్టి, రెండు అరచేతులతో గట్టిగా పట్టుకుని తిప్పాను. మూడోసారికి కిర్రుమంది. మూత లోపల, సరిగ్గా కన్నాల మీద, గుండ్రటి అట్టబిళ్ళ ఒకటి అతుక్కుని ఉంది. చూడగానే గుర్తుపట్టాను. ఫోను సెంటు బిళ్ళ. ఒకప్పుడు ఆఫీసుల్లో, కాస్త కలిగిన ఇళ్ళల్లో నోటి దగ్గర మంచి వాసన రావాలని ఇవి అంటించేవారు. వాసన ఎప్పుడో పోయింది. బిళ్ళ మాత్రం కన్నాల్లో సగం మూసి అలాగే ఉండిపోయింది. దాని చుట్టూ అగరుబత్తి మసి. పూజగది పక్కనే ఫోను ఉండేదని తర్వాత ఆవిడే చెప్పారు.

ట్రాన్స్‌మిటర్ డబ్బీని తీసి చెవి దగ్గర ఊపాను. మంచి డబ్బీ ఊపితే సన్నటి ఇసుక జారిన చప్పుడు వస్తుంది. ఇది మూగగా ఉంది. అరచేతి కండ మీద అంచుతో నాలుగుసార్లు తట్టి, తిప్పి మళ్ళీ తట్టాను. అయిదోసారికి సర్రుమని కదిలింది. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగే సంతోషం ఈ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. రవ్వలు విడిపోయాయా లేదా తెలుసుకోవడానికి మీటరు పెట్టి చూడవచ్చు. డబ్బీని ఊపితే ముల్లు ఊగాలి. ఊగకుండా ఒకచోటే నిలిచిపోతే ఇంకా గడ్డ ఉన్నట్టే. ఈ తట్టడం శాశ్వతమైన వైద్యం కాదు. రోజూ వాడే ఫోనులో రవ్వలు కదులుతూ ఉంటాయి కాబట్టి నిలుస్తుంది. అలమరలో పెట్టి మరిచిపోతే మళ్ళీ గడ్డ కడుతుంది.

ఇక పోపు చిటపట. ఇది బొగ్గు వల్ల కూడా రావచ్చు. కానీ హ్యాండ్‌సెట్టు కదపకుండా క్రెడిల్ మీది గుబ్బను వేలితో కొంచెం నొక్కి వదిలినప్పుడు చప్పుడు మారిందంటే తప్పు కింది స్ప్రింగులది. ఫోను ఎత్తినప్పుడు అక్కడ సన్నటి లోహపు ఆకులు ఒకదాన్నొకటి తాకి లైను కలుపుతాయి. వాటి కొనల మీద నలుపు పడితే కరెంటు తెగుతూ కలుస్తూ ఉంటుంది. చాలామంది ఇక్కడ గరుకు కాగితం వాడతారు. దయచేసి వాడకండి. పైపూత లేచిపోయి ఆరు నెలల్లో ఇంకా ఎక్కువ నల్లబడుతుంది. పాత పెళ్ళిపత్రిక లాంటి దళసరి కాగితాన్ని వేలెడు వెడల్పున కత్తిరించి, సర్జికల్ స్పిరిట్‌లో తడిపి, రెండు ఆకుల మధ్య పెట్టి, ఆకుల్ని మెల్లగా మూసి కాగితాన్ని బయటికి లాగండి. కాగితం మీద నల్లటి గీత పడుతుంది. గీత పడడం మానేదాకా కొత్త ముక్కలతో లాగాలి. పెద్దావిడ ఫోనుకు ఏడు ముక్కలు పట్టాయి. ఆకుల్ని మాత్రం వంచకూడదు. వాటి బిగువు లెక్క ఫ్యాక్టరీలో పెట్టినది.

ఒక హెచ్చరిక. ఈ పని మొదలుపెట్టే ముందు లైను పీకేయాలి. మామూలుగా లైనులో ఉండేది 48 వోల్టుల డీసీ, అది పెద్దగా ఏమీ చేయదు. కానీ మీరు చేయి లోపల పెట్టినప్పుడే ఎవరైనా కాల్ చేస్తే బెల్ మోగించడానికి 75 వోల్టుల ఏసీ వస్తుంది. నేను సర్వీసులో చేరిన మొదటి నెలలోనే ఆ దెబ్బ తిన్నాను.

రెండూ సరిచేసి మూతలు బిగించి, చెల్లెలిగారి చేత ఫోను చేయించాం. అవతల గొంతు ఖణీమంది. ఇవతల పెద్దావిడ మాత్రం హ్యాండ్‌సెట్టు దూరంగా పెట్టి, "తమ్ముడూ, నా గొంతే నా చెవిలో గుయ్యిమంటోంది" అన్నారు. ఇది అసలైన చిక్కు. కొంత మన గొంతు మన చెవికి వినబడడం అవసరమే. అది లేకపోతే ఫోను చచ్చిందనుకుంటాం. ఎక్కువైతే మాత్రం మనిషి తెలియకుండానే గొంతు తగ్గించేస్తాడు, అవతలివాళ్ళకు వినబడదు. మేము దీన్ని సైడ్‌టోన్ అంటాం. లోపలి ఇండక్షన్ కాయిల్, కండెన్సరు కలిసి మన గొంతును మన చెవి దగ్గర చాలావరకు కొట్టేసేలా పాత ఇంజినీర్లు ఏర్పాటు చేశారు. కిందిపళ్ళెం విప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఎప్పుడో ఎవరో హ్యాండ్‌సెట్టు కార్డు మార్చి, రెండు తీగల్ని తారుమారుగా బిగించారు. ఇన్నాళ్ళూ గడ్డకట్టిన ట్రాన్స్‌మిటర్ ఆ తప్పును దాచింది. తీగలు మార్చి బిగించగానే హోరు తగ్గింది. రిపేరు చేసేవాళ్ళు తీగలు విప్పే ముందు ఏది ఎక్కడ ఉందో కాగితం మీద గీసుకోవాలని మా పెద్ద మెకానిక్ రోజూ చెప్పేవారు. ఇప్పుడు సెల్ ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే చాలు.

మనవడు అడిగిన ప్రశ్న ఒకటి ఇక్కడ చెప్పాలి. "బెల్ వస్తోంది, మాట వస్తోంది, మరి మనం డయల్ చేస్తే ఎందుకు వెళ్ళడం లేదు?" అన్నాడు. డయల్ తిప్పి వదిలితే అది వెనక్కి వస్తూ లైనును సెకనుకు పదిసార్లు లెక్కన తెంచి కలుపుతుంది. అయిదు తిప్పితే అయిదుసార్లు, సున్నా తిప్పితే పదిసార్లు. నేటి ఫైబర్ పెట్టెల్లో చాలావాటికి ఈ లెక్క అర్థం కాదు, మీటల ఫోను చేసే స్వరాలే అర్థమవుతాయి. డయల్ లెక్కను స్వరంగా మార్చే చిన్న పెట్టె మధ్యలో పెడితే సరిపోతుంది. పెద్దావిడకు కాల్ రావడమే కావాలి కాబట్టి అది అక్కరలేకపోయింది. మాట సన్నగా వినబడడానికి కూడా ఒక్కోసారి ఈ పెట్టెలే కారణం. బొగ్గు ట్రాన్స్‌మిటర్‌కు కరెంటు ఎంత అందితే గొంతు అంత బలంగా వస్తుంది. ఎక్స్ఛేంజికి దగ్గరగా ఉన్న ఇళ్ళలో గొంతులు గట్టిగా, ఊరి చివరి ఇళ్ళలో సన్నగా ఉండేది అందుకే. ఫోనులో తప్పు లేకుండానే గొంతు తగ్గితే దాన్ని నిందించకండి.

డయల్ గురించి ఇంకొక్క మాట. డయల్ తిరుగుతున్నంతసేపు టకటక చప్పుడు చెవిలో పడకుండా లోపలి స్ప్రింగులు రిసీవరును మూసేస్తాయి. లోపలి నూనె ఎండి డయల్ పూర్తిగా వెనక్కి రాకపోతే అవి మూసే ఉంటాయి. అప్పుడు ఫోను పూర్తిగా మూగబోతుంది. డయల్‌ను వేలితో వెనక్కి నెట్టగానే శబ్దం వస్తే అదే జబ్బు. ఈ ఒక్క కారణానికి పారేసిన ఫోన్లు నాకు తెలుసు.

కార్డు చెడితే మాత్రం అతుకు వేయడం కష్టం. అందులో మామూలు రాగితీగ ఉండదు. నూలుదారం మీద జిగేలుమనే పలుచని రాగిరేకు చుట్టి ఉంటుంది, ఎన్నిసార్లు వంగినా తెగకూడదని. టంకం పెడితే దారం కాలిపోతుంది. కార్డు మొత్తం మార్చాలి.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. మొన్న గురువారం జుమ్మేరాత్ బజారుకు వెళ్ళాను, పెద్దావిడ ఫోనుకు ఒక ట్రాన్స్‌మిటర్ అదనంగా దగ్గర ఉంటే మంచిదని. అక్కడ ఒక గోనెసంచి నిండా ట్రాన్స్‌మిటర్లు, రిసీవర్లు, ఇండక్షన్ కాయిళ్ళు. ఎక్కడివి అని అడిగితే, అలంకరణకు ఫోన్లు అమ్మేవాళ్ళు పైడొప్పలు ఉంచుకుని లోపలివి కిలోల లెక్కన ఇచ్చేస్తున్నారని చెప్పాడు. కాయిలులోని రాగి కోసం కొనేవాళ్ళున్నారు. ట్రాన్స్‌మిటర్‌కు ఆ విలువ కూడా లేదు. నేను పదకొండు ఏరుకుని ఇంటికి తెచ్చి మీటరు పెట్టి చూశాను. ఎనిమిది బాగున్నాయి. తట్టవలసిన అవసరం కూడా లేకుండా బాగున్నాయి. అంటే ఎనిమిది ఫోన్లు మాట్లాడగలిగి ఉండగానే పొట్ట కోయించుకున్నాయి. పోయిన లోపలి సామాను మళ్ళీ దొరకడం కష్టం. డొప్పలో దీపం పెట్టాలనుకునేవారు ఇప్పటికే ఖాళీ అయిన డొప్పలు కొనుక్కోవచ్చు, అవి కావలసినన్ని ఉన్నాయి. పూర్తిగా ఉన్నదాన్ని కోయడం ఎందుకు?

ఒక ఫోను కోసం ఏళ్ళ తరబడి వరసలో నిలబడిన కుటుంబాలను నేను చూశాను. ఫోను లేని ఇంటివాళ్ళు శుభలేఖ మీద పక్కింటి నంబరు వేసి పక్కన పి.పి. అని రాసుకునేవారు. దుబాయి నుంచి కాల్ వచ్చిందంటే వీధి చివరి దాకా పరుగెత్తి పిలిచేవారు. ఆ కబురు, ఆ ఏడుపు, ఆ నవ్వు అన్నీ ఈ బొగ్గు రవ్వల మీదుగానే వెళ్ళాయి. మీ వ్యాసంలో ఫోను నునుపు గురించి, రంగు గురించి అంత ప్రేమగా రాసినవారు లోపలి దాని మీద కూడా ఆ ప్రేమ చూపించాలని కోరుతున్నాను.

అందుకని మూడు విన్నపాలు. వచ్చే ఆదివారం అదే చోట ఆ సలహాను సరిదిద్దండి. ఫోనులో స్పీకరు పెట్టించుకోవాలనే నిశ్చయించుకున్నవారు లోపలి సామానును ఒక డబ్బాలో వేయించి ఇంటికి తెచ్చుకోండి, దుకాణంలో వదలకండి. రేపు మీ పిల్లలు మళ్ళీ మాట్లాడించాలనుకుంటే దారి ఉంటుంది. మూడోది నా సాటి రిటైర్డ్ మెకానిక్కులకు. మనలో చాలామందిమి ఇంకా ఈ నగరంలోనే ఉన్నాం. మన కాలనీల కమ్యూనిటీ హాళ్ళలో నెలకు ఒక ఆదివారం రెండు గంటలు కూర్చుంటే, ఫోను పట్టుకొచ్చిన పిల్లలకు వాళ్ళ చేతులతోనే ఈ పని చేయించవచ్చు. పక్క వాటా కుర్రవాడు ఇప్పటికే హ్యాండ్‌సెట్టు విప్పి మళ్ళీ బిగించగలడు. పాలిటెక్నిక్ విద్యార్థులు వస్తే ఇంకా మంచిది. బొగ్గు రవ్వలు మాటను కరెంటుగా ఎలా మారుస్తాయో పుస్తకంలో చదవడం వేరు, అరచేతి మీద తట్టి ఆ సర్రుమనే చప్పుడు వినడం వేరు. మా కాలనీలో నేను మొదలుపెడుతున్నాను.

ఆ గోనెసంచిలో ఇంకా చాలా మిగిలాయి. వచ్చే గురువారం పొద్దున్నే వెళ్ళి, అమ్ముడుపోకుండా ఉన్నవి ఉన్నట్టు తెచ్చేస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టెలిఫోన్ మెకానిక్,
పద్మారావునగర్, సికింద్రాబాద్